అంజూరపు ముద్ద



హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీళ్లు విడిచి ప్రార్థించెను. దేవుడు ఆలకించి 15 సంవత్సరముల ఆయుష్షు ననుగ్రహించెను. అయినను యెషయా ప్రవక్త పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను (2 రాజులు 20). వాగ్దానము చేసిన దేవుడే మందును కూడ వాడనిచ్చెను.

మనలో కొందరము ఎడతెగని దిగులుతో, గుండెదడతో, నిద్రలేక నలుగుచున్నాము. వైద్యుడు మాత్ర వ్రాసియిచ్చినప్పుడు, అవిశ్వాసమగునేమోనని జంకుచున్నాము. జంకనక్కరలేదు, అది మన అంజూరపు ముద్ద. మొదట వికారము, కొంత కలవరము కలుగవచ్చును. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. మనంతట మనము మానరాదు. దిగులు హెచ్చినను, చావు తలంపులు వచ్చినను వెంటనే వైద్యునితో చెప్పవలెను.

ప్రార్థించి మాత్ర వేసికొందము. మాత్ర వేసికొను సహోదరిని నిందింపక, ఆమెకు తోడుగా ఆసుపత్రికి నడచుదము. ఆమేన్.