గట్టి ఇల్లు

"ఇంకో వందేళ్ళు ఈ ఇంటి వంక చూడక్కర్లేదమ్మా!" అన్నాడు మేస్త్రి, మా మేడకి స్లాబు వేసిన రోజున. నేను మురిసిపోయాను. పక్కనే కూర్చున్న మా అమ్మ మాత్రం, "అయితే వందేళ్ళు ఎవరూ ఈ గడప తొక్కక్కర్లేదన్నమాట" అంది.

అమ్మ పుట్టింది తాటాకింట్లో. కప్పు నేయించే రోజున వీధి వీధంతా వచ్చేదట. బీదరోజుల కబుర్లని అప్పుడు నవ్వేశాను.

ఈమధ్య ఫిజీ దీవుల ఇళ్ళ గురించి చదువుతుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. అక్కడి పాతకాలపు ఇంటిని 'బురే' అంటారు. కొయ్య స్తంభాలు, వెదురో రెల్లో అల్లిన గోడలు, ఏటవాలు గడ్డి కప్పు. మేకన్నది లేదు, కట్లన్నీ కొబ్బరిపీచుతో పేనిన తాళ్ళతోనే. ఒక్కడు కట్టుకునే ఇల్లు కాదది. ఊరంతా కలిసి కట్టేవారు. కూలి లేదు, ఇంటివాళ్ళు భోజనం పెడతారు. రేపు ఇంకొకరింటికి వీళ్ళు వెళతారు. లోపల పరిచే చాపలు అల్లడం ఆడవాళ్ళ వంతు.

గడ్డి చివికిపోతుంది. ఒకనాటికి ఇల్లూ పోతుంది. కాని దాని కింద ఎత్తుగా కట్టిన రాళ్ళ అరుగు ఉండిపోతుంది. ఆ అరుగుకో పేరుంటుంది. ఫలానా వంశం అని ఆ పేరుతోనే గుర్తు. ఇల్లు పోయినా చిరునామా పోదన్నమాట!

అదే ఫిజీకి 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి సుమారు 60 వేల మంది వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళకిచ్చిన ఒక్కో గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు మగవాళ్ళో, ఒక కుటుంబమో ఉండాలి. పైన రేకులు. ఏటేటా నేయక్కర్లేని కప్పే! అయినా దాన్ని ఇల్లని ఎవరనగలరు?

అలాగని గడ్డి ఇల్లే గొప్పదని నేననను. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఫిజీలో 44 మందిని పొట్టన పెట్టుకుంది. అలాంటి గాలి చూసిన తల్లి సిమెంటు గోడలు కావాలంటే కాదనడానికి నేనెవర్ని? పైగా ఊరు కట్టిన ఇంట్లో ఊరి మాట చెల్లుతుంది. 'మా ఇల్లు, మా ఇష్టం' అనడానికుండదు. ఆ ఒక్క మాట అనుకోవడానికే కదా మనం అప్పులు చేసి ఇళ్ళు కట్టుకునేది!

మొన్న రాత్రి అమ్మ బాత్‌రూంలో జారిపడింది. ఆయన ఊళ్ళో లేరు. ఎదురింటి గేటు దాకా పరిగెత్తి ఆగిపోయాను. ఆరేళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం, ఆవిడ పేరేమిటో నాకు తెలీదు! "ఏమండీ, ఏమండీ" అని అరిచాను. పాపం, చేతిలో పని వదిలేసి వచ్చింది. ఇద్దరం కలిసి లేపాం. దెబ్బ పెద్దది కాదు. ఆవిడ వెళ్ళాక అమ్మ అడిగింది: "ఆ అమ్మాయి పేరేమిటే?"

ఎవరి అవసరమూ లేకుండా బతకడం బలమా, అవసరానికి ఒకరిని పేరుపెట్టి పిలవగలగడం బలమా? రెండూ కావాలనే అంటాను. కాని మొదటిదాని కోసం ఇరవై ఏళ్ళ అప్పు చేశాను. రెండోదాని కోసం వీధి దాటలేదు.

మర్నాడు గిన్నెడు పులిహోర పట్టుకుని వెళ్ళి పేరడిగాను. గిన్నె ఇంకా తిరిగి రాలేదు. వట్టి గిన్నె తిరిగివ్వడం మనవాళ్ళకి అలవాటు లేదుగా, ఏం వండుతోందో మరి!