‘బతికేవారు’ అన్న మాట

మా చెల్లెలి కూతురు పంజాగుట్ట దగ్గర ఒక బడిలో నాలుగో తరగతి చదువుతోంది. వాళ్లుండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ ఒక గల్లీలో. దసరా సెలవులకు ముందు ఆ బడిలో పిల్లల చేత పాతకాలం పనులు చేయించే రోజు ఒకటి పెట్టారు. ఊరి మనిషిని నిమ్స్‌లో చూపించడానికి వచ్చి ఉన్నాను కదా అని నేనూ వెళ్లాను.

పిల్లలు ఇసుర్రాయి తిప్పి జొన్నలు విసిరారు. చేతులు నొప్పి పుట్టేదాకా తిప్పితే చాటలో గుప్పెడు పిండి పడింది. "ఒక్క రొట్టెకు ఇంత కష్టమా?" అన్నాడొక బాబు. పుస్తకంలో పదిసార్లు చదివినా ఆ ప్రశ్న పుట్టదు. టీచర్‌గా నాకు ముచ్చటేసింది.

వెనక గోడకు మాత్రం ఒక కాగితం: "పూర్వం గిరిజనులు ఇలా బతికేవారు." పక్కన ఆకులు కట్టుకుని, విల్లు పట్టుకున్న ఇద్దరు పిల్లలు. మా పాప నా చెయ్యి పట్టుకుని అడిగింది: "మామా, బతికేవారు అంటే ఇప్పుడు లేరనా?"

ఇంకా అలాగే బతుకుతున్నామని చెప్పబోయి ఆగిపోయాను. అదీ అబద్ధమే. మా ఇంటి ఇసుర్రాయి వేపచెట్టు కింద పడి ఉంది, పిండి గిర్నీలో పట్టిస్తాం. మనం లేమని ఒకరు రాస్తారు. మనం మారలేదని మనవాళ్లే కొందరు గొప్పగా చెప్తారు. రెండు మాటలూ మనకు చరిత్ర లేకుండా చేసేవే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. కొన్నేళ్లకే, హైమెన్‌డార్ఫ్ చొరవతో, మార్లవాయిలో గోండు యువకులు టీచర్లుగా శిక్షణ పొందారు. నిజాం మీద పోరాడినవాళ్లూ, సుద్దముక్క పట్టినవాళ్లూ ఒకే జనం. ఆకుల వేషంలో ఆ పదేళ్లు ఎక్కడ పడతాయి?

క్లాస్ టీచరమ్మది చెడ్డ ఉద్దేశం కాదు. మాటల్లో, పాలమూరులో తన అమ్మమ్మ కూడా ఇలాగే విసిరేదని చెప్పింది. "మరి కాగితం మీద గిరిజనులు అని ఎందుకు రాశారు మేడమ్?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. అందరి గతాన్నీ తెచ్చి మన ఒక్కరి నెత్తిన పెట్టడం ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది. స్కెచ్ పెన్ తీసి ‘గిరిజనులు’ కొట్టేసి ‘మన అమ్మమ్మలు’ అని రాసింది.

ఆకులు కట్టుకున్న పిల్లలు సాయంత్రం దాకా అలాగే నిలబడ్డారు. నేనూ ఏమీ అనలేదు. అనాల్సింది.

ఈసారి మా బడిలో ఇలాంటి రోజు పెడితే వస్తువుతోపాటు దాన్ని వాడిన మనిషినీ పిలుస్తాను. మా అమ్మ వస్తానంది. ముందు గిర్నీ ధర మాట్లాడతానంది, తర్వాతే ఇసుర్రాయి సంగతి.