తిరిగి పుచ్చుకొనుట దయయా, ధర్మమా?

వస్తువు నమ్మునపుడు వర్తకుని మొగమున నుండు చిరునవ్వు, అదే వస్తువు తప్పుగా వచ్చినదని కొన్నవాడు మరల గడప యెక్కినపుడు నిలుచుట అరుదు. కొననున్న వానిని "రండి, కూర్చుండుడు" అని పిలిచిన నోరే, కొన్నవానిని "మీరెవరు?" అన్నట్లు చూచును. ఈ రెండు చూపుల నడుమనున్న దూరమే వర్తక ధర్మమునకు పరీక్ష. లాభము వచ్చుచోట నీతి పాటించుట కష్టము కాదు. చేసిన తప్పును సరిదిద్దుటకు చేతిరూకలు పోవుచోట దానిని పాటించుటయే కష్టము.

ఈ తగవు ఎట్లు పుట్టునో తెలియుటకు ఒక సంసారమును తలచుకొందము. ఆదిలాబాదు జిల్లాలోని బోథ్ పత్తి పండు ప్రాంతము. పంట అమ్మిన రూకలు చేతికి వచ్చిన కాలముననే రైతు ఇంటికి కావలసిన పెద్ద వస్తువులు కొనుట వాడుక. చిన్న సామాను ఊరిలోనే దొరకును. మంచము, బీరువా వంటివి మనసుకు నచ్చినట్లు కావలెనన్నచో నిర్మల్‌కో ఆదిలాబాదుకో పోవుదురు. ఒక రైతు తన వృద్ధమాత కొఱకు మంచము కొనుటకు అట్లే పోయెననుకొందము. ఆమెకు మోకాళ్ళ నొప్పి. పాత నులకమంచము పల్లమైపోయినది. దాని నుండి లేవవలెనన్నచో ఇరువురు చేయి అందింపవలెను. కావున ఆతడు దుకాణదారునితో స్పష్టముగా చెప్పెను: కర్ర టేకు కావలెను, ఎత్తు నేల నుండి 20 అంగుళములు ఉండవలెను. ఎందుకో కూడ చెప్పెను. వర్తకుడు కాగితముపై వ్రాసికొనెను, బయానా పుచ్చుకొనెను; నాలుగు దినముల పిమ్మట మిగిలిన సొమ్మును పుచ్చుకొనెను.

ఒకనాడు ప్రొద్దుగూకు వేళ డీసీఎం బండి వచ్చెను. హమాలీలు తొందరపడుచు సామాను దింపిరి. డ్రైవరు చలానుపై సంతకము చేయించుకొని వెడలిపోయెను. అట్టలు విప్పి చూడగా అది టేకు కాదు. పొట్టుచెక్క పలకలపై టేకు రంగు కాగితము అంటించిన పెట్టెమంచము. ఎత్తు 12 అంగుళములు. ముసలి తల్లి దానిపై ఒకమారు కూర్చుండ బోయి, మానుకొని, తన నులకమంచము కడకే పోయెను.

మఱునాడు కుమారుడు ఫోను చేసి, "సేటూ, మేము చెప్పిన మంచము ఇది కాదు" అనెను. దానికి వచ్చిన సమాధానములు నాలుగు. "సంతకము పెట్టి దింపుకొంటిరి గదా" అనునది మొదటిది. "ఏదైనను మంచమే గదా, రెండువేలు తగ్గించెదను, వాడుకొనుడు" అనునది రెండవది. "బిల్లు క్రింద చూడుడు, అమ్మిన సరకు వాపసు తీసికొనబడదని అచ్చులో నున్నది" అనునది మూడవది. "బండి కిరాయి మీరే పెట్టుకొని తెచ్చినచో అప్పుడు చూచెదము" అనునది నాలుగవది. ఈ నాలుగు మాటలును దేశమంతట వినవచ్చునవే. వీని బలమెంతయో ఒక్కొక్కటిగా విచారింపవలెను.

సంతకము సంగతి. వస్తువు అందుట వేరు, వస్తువును అంగీకరించుట వేరు. బండి వచ్చినది, పెట్టె దిగినది అనుటకు చలానుపై సంతకము సాక్ష్యము. లోపలనున్నది కోరినదే అనుటకు అది సాక్ష్యము కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టములోని 41వ సెక్షను, ముందుగా పరీక్షింపని వస్తువును పరీక్షించుటకు తగిన అవకాశము కలిగినదాక కొన్నవాడు దానిని అంగీకరించినట్లు కాదని చెప్పుచున్నది. విప్పి చూడకుండ ఎవడును దేనిని ఒప్పుకొనలేడన్న లోకజ్ఞానమునే చట్టము అక్షరములలో పెట్టినది.

"ఏదైనను మంచమే గదా" అను మాట చూచుటకు చిన్నది, లోతున పెద్ద అసత్యము. పేరు ఒకటైనంత మాత్రమున వస్తువు ఒకటి కాదు. నిర్మల్ బొమ్మలు చేయువారు తేలికయైన పొనికి కర్రను ఏరి తెచ్చుకొందురు. ఆ పనికి టేకును వాడరు. టేకు కావలసినచోట పొనికిని వాడరు. కర్రతో బ్రతుకు ప్రాంతమున కర్ర జాతి ఏదైన నొకటేయన్న మాట చెల్లదు. ఎత్తు సంగతి అంతకంటె ముఖ్యము. ఆ 8 అంగుళముల భేదము యువకునికి లెక్కలేనిది. ముసలి తల్లికి అది తనంత తాను లేచుటకును, ఇతరులు లేపుటకును గల భేదము. వర్ణన ననుసరించి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెనని అదే చట్టములోని 15వ సెక్షను శాసించుచున్నది. ఏ అవసరమునకు కొనుచున్నాడో చెప్పి, వర్తకుని నేర్పును నమ్మి కొన్నచో, వస్తువు ఆ అవసరమునకు తగియుండవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది.

ఇది ఆంగ్లేయులు తెచ్చిన క్రొత్త మాట యని తలపరాదు. మన ధర్మశాస్త్రములు అమ్మకము, కొనుగోలు పిమ్మట కలుగు పశ్చాత్తాపమును ఒక ప్రత్యేక వ్యవహారపదముగా విచారించినవి. దానికి క్రీతానుశయమని పేరు. నారదస్మృతి ప్రకారము, కొన్నవాడు తన కొనుగోలు నచ్చనిచో ఆనాడే చెడని వస్తువును చెడనట్లే తిరిగి ఈయవచ్చును. రెండవనాడు తెచ్చినచో వెలలో ముప్పదవ వంతు విడువవలెను, మూడవనాడు దానికి రెట్టింపు. కాని మంచి వస్తువును చూపి దోషముగల దానిని ఇచ్చిన వర్తకుని సంగతి వేరుగా చెప్పబడినది. అతడు వెలకు రెండింతలు చెల్లింపవలెను, అంతియే దండుగయు కట్టవలెను. కొన్నవాని మనసు మారుటకును, అమ్మినవాని మాట మారుటకును గల భేదము ఎంత సూక్ష్మముగా గుర్తింపబడినదో పాఠకులు గమనింతురు గాక. మొదటిదానిలో నష్టము కొన్నవానిది, రెండవదానిలో అమ్మినవానిది. నేటి తగవులలో ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే సగము కలహము పుట్టుచున్నది.

ఇక బిల్లు క్రింది అచ్చు వాక్యము. ఒకడు తన కాగితముపై తానే అచ్చు వేయించుకొన్న మాట ఎదుటివాని హక్కును చంపజాలదు. మొదటి వినియోగదారుల రక్షణ చట్టము 1986 డిసెంబరు 24వ తేదీన వచ్చినది. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. లోపముగల వస్తువును తిరిగి పుచ్చుకొని సొమ్ము వాపసు చేయుటకు నిరాకరించుట అక్రమ వర్తక పద్ధతియని ఈ క్రొత్త చట్టము చెప్పుచున్నది. బిల్లులో గడువు వ్రాయబడియున్నచో ఆ గడువు లోపల, లేనిచో 30 దినముల లోపల సొమ్ము తిరిగి ఈయవలెను. ఒప్పందములో చెప్పిన ప్రమాణమునకు తగ్గుటయు లోపమే యని అదే చట్టము నిర్వచించినది. ఇంటర్నెట్టు ద్వారా అమ్మువారికి 2020 నాటి ఈ-కామర్సు నిబంధనలు ఇట్టి కట్టుబాటునే విధించినవి.

నాలుగవది బండి కిరాయి. పేదవాని నోరు మూయించుటకు దీనిని మించిన సాధనము లేదు. మంచము వెల తిరిగి వచ్చునో రాదో తెలియదు, కిరాయి మాత్రము ముందే పోవును. ఇందును చట్టము పక్షపాతము లేక పలికినది. న్యాయముగా తిరస్కరించిన వస్తువును కొన్నవాడు మోసికొనిపోయి అప్పగింపనక్కరలేదు. తిరస్కరించితినని తెలియజేసిన చాలునని 43వ సెక్షను చెప్పుచున్నది. తప్పుగా పంపినవాడే వచ్చి తీసికొనిపోవలెను.

ఐనను వర్తకుని పక్షమును వినక తీర్పు చెప్పుట ధర్మము కాదు. చిల్లర దుకాణదారుడు మంచమును తాను చేయలేదు. గోదాములో గుమాస్తా చీటీలు తారుమారు చేసియుండవచ్చును, తయారుచేయువాడు పంపుటలోనే పొరబడియుండవచ్చును. పైనున్న పెద్ద వర్తకుడు వాపసు తీసికొనడు. లాభము స్వల్పము, నష్టము తన నెత్తిన పడునని అతని భయము. ఈ భయము అబద్ధము కాదు. కాని దానికి అతడు కనిపెట్టిన ఉపాయమే అధర్మము. తప్పు పుట్టిన చోటికి నష్టమును మరల్చుటకు బదులు, ఎదురుచెప్పలేని వాని మీదికి దానిని దొరలించుచున్నాడు. పెద్ద వర్తకుని ఎదుట తాను బలహీనుడు, రైతు ఎదుట తాను బలవంతుడు. తనకు జరిగిన అన్యాయమును తనకంటె చిన్నవానికి అందించుట అన్యాయమును తొలగించుట కాదు, పెంచుట.

కొన్నవానికిని ధర్మము కలదు. 1933లో ఇంగ్లండులోని ప్రభువుల సభ తీర్చిన ఒక వ్యాజ్యము ఇచట తలపదగినది. ఆర్కాస్ అను సంస్థ సిమెంటు పీపాలకై చెక్క పలకలను రోనాసెన్ అను వర్తకులకు అమ్మెను. మందము అర అంగుళముండవలెనని ఒప్పందము. వచ్చిన పలకలలో పెక్కు రవ్వంత మందమైనవి, ఎక్కువ భాగము అంగుళములో పదునారింట తొమ్మిది వంతులకు మించలేదు. పీపాలు చేయుటకు అవి చక్కగా పనికివచ్చును. ఐనను కొన్నవారు తిరస్కరించిరి; ప్రభువుల సభ వారికి ఆ హక్కు కలదనియే తీర్పు చెప్పినది. అసలు కారణము వేరు. అప్పటికి అంగడిలో కలప ధర పడిపోయినది. చౌకగా మఱొకచోట కొనుటకు ఆ రవ్వంత మందము సాకైనది. 1994లో ఇంగ్లండు తన చట్టమును సవరించి, వర్తకులు వర్తకుల వద్ద కొన్నపుడు అతిస్వల్పమైన భేదమునకు సరకంతయు తిరస్కరించుట తగదని కట్టడి చేసినది.

ఈ రెండు కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ధర్మసూక్ష్మము తెలియును. పీపా పలకలో భేదము పనికి అడ్డురాలేదు, కోరికకు సాకైనది. మంచము ఎత్తులో భేదము పనినే చెఱచినది. తిరస్కరించు హక్కు అంగుళములలో లేదు. అంగుళములు నిలుపు అవసరములో, చెప్పు కారణములోని నిజములో నున్నది. నాలుగు దినములు వాడి, మనసు తప్పి, లేని గీతను చూపి వాపసు పంపువాడు ఆ దుకాణదారుని కంటె మంచివాడు కాడు. తిరస్కరించిన వస్తువు తన ఇంటనున్నను పరుల సొమ్మే. దానిపై పండుకొనరాదు, పిల్లలను ఎగురనీయరాదు. కొన్నవాడు దానిని తనదివలె వాడుకొన్నను, చెప్పకుండ చిరకాలము ఉంచుకొన్నను అంగీకరించినట్లే యని 42వ సెక్షను చెప్పుట ఊరక కాదు.

ఈ భావమును బసవయుగపు శరణులు పండ్రెండవ శతాబ్దముననే బ్రతికి చూపిరి. వారి కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 నవంబరు 1వ తేదీ దాక బీదరు, ఆదిలాబాదు రెండును ఒకే హైదరాబాదు రాష్ట్రపు జిల్లాలు. అచ్చట ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుటను కాయకముగా స్వీకరించెను. ఒకనాడు వాడుకకు మించిన బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఎక్కువైన బియ్యము తమది కాదనియు, తెచ్చిన చోటనే పోసి రమ్మనియు ఆమె పంపెను. ఆ బియ్యమును ఎవరును అడుగలేదు, తగవులేదు, సాక్షి లేడు. ఐనను తమది కానిది తమ ఇంట ఒక పూట నిలుచుటకు ఆమె మనసొప్పలేదు. కాయకమనగా శ్రమించి ఆర్జించుట మాత్రమే కాదు. ఆర్జనలో తనది కానిదానిని గుర్తించి వెనుకకు పంపుటయు అందులో భాగమే. తప్పు వస్తువునకు పుచ్చుకొన్న వెల వర్తకుని గల్లాపెట్టెలో నున్న ఎక్కువ బియ్యము. తప్పు వస్తువు రైతు ఇంటనున్న ఎక్కువ బియ్యము. రెండును పోవలసిన చోటికి పోయిననే అమ్మకము ముగిసినట్లు. కావున తిరిగి పుచ్చుకొనుట వర్తకుడు చూపు దయ కాదు, అమ్మకములోనే చివరి భాగము.

ఆ రైతు ఏమి చేయవలెను? కోపమున దుకాణము ముందు కేకలు వేయుట పనికిరాదు. నోరు మూసికొని రెండువేలకు ఒప్పుకొనుటయు పనికిరాదు. విప్పిన దినముననే ఫోటోలు తీయవలెను. ఆర్డరు చీటీ, బిల్లు, చలాను భద్రపఱచవలెను. తిరస్కరించితినని వ్రాతమూలకముగా తెలియజేయవలెను. మంచమును దుమ్ము పడకుండ కప్పి యుంచవలెను. వర్తకుడు వినకున్నచో 1915 అను నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పవచ్చును. అంతకును కానిచో, దుకాణము నిర్మల్‌లో నున్నను, తాను నివసించు ఆదిలాబాదు జిల్లా కమిషనులోనే రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు దాటనిచో రుసుము లేదు. ఇరువురు ఒప్పుకొన్నచో మధ్యవర్తి ఎదుట రాజీపడు మార్గమును 2019 చట్టము తెఱచినది. కలహమున ఓడినవాడు లేకుండ ముగియుటయే మేలు.

వస్తువును పరీక్షకు పంపనక్కరలేని ఫిర్యాదును ఎదుటివానికి నోటీసు అందిన పిమ్మట మూడు మాసములలో తేల్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. అది వ్యవహారమునకు స్వల్పకాలమే. కాని ఆ మూడు మాసములలో తొంబది ఉదయములు కలవు. ప్రతి ఉదయమును ఆ ముసలి తల్లి పల్లపు నులకమంచము నుండి చేయి చాచి, లేపువారి కొఱకు ఎదురుచూడవలెను. కమిషను వెల ఇప్పింపగలదు, నష్టపరిహారము ఇప్పింపగలదు. ఆ ఉదయములలో ఒక్కదానిని తిరిగి ఇప్పింపలేదు. వానిని కాపాడగలవాడు లోకమున ఒక్కడే కలడు. ఫోను మ్రోగిన దినముననే "తప్పు మాది, బండి పంపుచున్నాను" అని చెప్పగల ఆ దుకాణదారుడే.