గోడకి సున్నం, పొలానికి సంతకం

నల్లరేగడి మీద కట్టిన ఇంటికి బీటలు తప్పవంటారు మా వైపు. వానలకి ఈ మట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుని నెర్రెలిస్తుంది. లోతు లేని పాత పునాదులు దాంతోపాటే కాస్త లేస్తాయి, కాస్త కుంగుతాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలకి పత్తిలోనూ మిరపలోనూ పేరు తెచ్చిన నేలే గోడల్నీ చీలుస్తుంది. అందుకే ఇక్కడ ఇల్లు కట్టడం ఒక్కసారి చేసే పనైతే, దాన్ని నిలబెట్టుకోవడం ఏటా చేసే పని.

ఈసారి సంక్రాంతికి వారం ముందు, సత్తెనపల్లి వైపున్న మా ఊళ్ళో, ఆ పనిలో ఒక రోజు నా వాటాకి వచ్చింది. బీటల్లో సిమెంటు కూరి మేస్త్రీ ముందురోజే వెళ్ళిపోయాడు. సున్నం నేను వేశాను.

సున్నం పిడుగురాళ్ళ బట్టీల నుంచి వచ్చింది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. నీళ్ళు పోస్తే అది కుతకుతా ఉడుకుతుంది. చల్లారాక వడగట్టి, కాస్త జిగురూ నీలిమందూ కలిపి గోడకి పూస్తాం. ఆ తర్వాత పోగొట్టుకున్న వాయువుని గాలిలోంచే మెల్లగా తిరిగి తీసుకుని అది మళ్ళీ రాయవుతుంది. కుంచె పట్టుకున్నవాడు నిజానికి గోడకి పలచటి రాతిపొర తొడుగుతున్నాడన్నమాట. వానకి కొంత కరుగుతుంది, గాలికి కొంత రాలుతుంది. వచ్చే ఏడు మళ్ళీ వేయాలి.

మధ్యాహ్నానికి ఊరంతా ప్రశాంతంగా ఉంది. సిటీ నుంచి వచ్చినవాడికి అది పల్లె సహజగుణంలా అనిపిస్తుంది. జనవరిలో మా ఊరు మాత్రం ఖాళీగా ఉంటేనే అంత ప్రశాంతంగా ఉంటుంది. పత్తి ఆఖరి తీతలు, మిరప మొదటి కోతలు ఒకేసారి నడిచే రోజులవి. జనమంతా చేలల్లోనూ కల్లాల్లోనూ ఉంటారు. నేను ఆస్వాదించిన నిశ్శబ్దం, వాళ్ళు పనికి పోవడం వల్ల మిగిలినది.

సాయంత్రం నాలుగు గోడలూ తెల్లబడ్డాక ఒక విచిత్రమైన తృప్తి కలిగింది. తాత కట్టించిన ఇల్లు, నాన్న పేరు మీదున్న ఇల్లు, మొదటిసారి నాదనిపించింది. పేరు మారలేదు, దస్తావేజు మారలేదు. మారిందల్లా నా భుజం నొప్పి. ఒక వస్తువు మీద ఒళ్ళు వంచితే అది మనదనిపించడం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ భావనకి ఏమైనా విలువుందా?

ఉందన్నవాళ్ళలో అందరికన్నా ప్రసిద్ధుడు జాన్ లాక్. 1689లో అచ్చయిన ‘ప్రభుత్వం మీద రెండో ట్రీటిస్’ అయిదో అధ్యాయంలో ఆయన వాదన స్థూలంగా ఇది: భూమి మొదట అందరిదీ. మనిషి శ్రమ మాత్రం అతనిదే. దేనిలో తన శ్రమ కలిపితే అది అతనిదవుతుంది. వినడానికి న్యాయంగా ఉంటుంది. అదే అధ్యాయంలో, నౌకరు తవ్విన మట్టిపెళ్ళలు యజమానివే అని కూడా అంటాడు. అక్కడ శ్రమ ఒకరిది, సొత్తు ఇంకొకరిది. ఆ లెక్కన మేస్త్రీ పూడ్చిన బీటలు నావే. కూలి ఇచ్చేశాం కాబట్టి ఆయన కథ అక్కడితో అయిపోయింది.

చీకటి పడబోతుండగా మా పొలం కౌలుకి చేసే బాబాయ్ వచ్చాడు. తొమ్మిదేళ్ళుగా మా మూడెకరాల్లో ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేస్తున్నాడు. గోడల్ని చూసి, “బాగానే ఏశావబ్బాయ్, మూలలు మాత్రం తాగలా” అన్నాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు. కౌలు కార్డుకి నాన్న సంతకం కావాలి. “పెడితే పొలం పోద్దని మీ నాన్న భయం. పొలం ఏడికి పోద్ది, ఈడ్నే ఉంటది. అప్పుకోసం తిరగాల్సింది నేను.”

2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డుకి భూయజమాని అంగీకారం కావాలి. గడువు 11 నెలలు. దానివల్ల భూమి మీద యజమాని హక్కు ఇసుమంత కూడా తగ్గదు. ఉన్నవాడికి పంట రుణం, పంటల బీమా, నష్టపరిహారం అడిగే అర్హత వస్తుంది. లేనివాడు వడ్డీ వ్యాపారి దగ్గరికో, పురుగుమందుల కొట్టు అరువుకో పోతాడు. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు కూడా భూమి పేరున్న కుటుంబానికే, సాగు చేసేవాడికి కాదు.

ఒక్కరోజు సున్నం వేస్తే ఇల్లు నాదనిపించింది. తొమ్మిదేళ్ళు దున్నినవాడికి ఆ పొలం ఏమనిపించాలి? నా భావనకి విలువుంటే ఆయనదానికి అంతకన్నా ఎక్కువుండాలి. ఆయనది ఒట్టి భ్రమ అయితే, తెల్లగోడల ముందు నా తృప్తి కూడా భ్రమే. రెండిట్లో ఒకటి ఒప్పుకోవాలి.

దీనికి గట్టి జవాబొకటి ఉంది. లాక్ చెప్పింది ఎవరిదీ కాని భూమి గురించి. మా పొలం తాత కొన్నది, నాన్న అందులో చెమటోడ్చింది. కౌలు అనేది ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న ఒప్పందం. నాన్న భయం కూడా గాల్లోంచి పుట్టింది కాదు. కోర్టుల చుట్టూ తిరిగే భూతగాదా లేని ఊరు మా చుట్టుపక్కల లేదు. ఈ జవాబుని నేను కాదనను. దున్నినంత మాత్రాన పొలం బాబాయ్‌దని వాదించడం నా ఉద్దేశం కాదు, ఆయనా అలా అడగలేదు.

అయితే ఆ కాగితం అడుగుతున్నది పొలం ఎవరిదని కాదు. ఈ ఏడు ఇందులో పంట వేసింది ఎవరు అని. ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. ఆస్తి గురించి ఎన్ని సిద్ధాంతాలైనా ఉండొచ్చు కానీ, ఇది మాత్రం జరిగిన విషయం. జరిగిన పనిని జరిగిందని రాసివ్వకపోవడం ఆస్తిని కాపాడుకోవడం కిందికి రాదు. తెలిసిన సాక్షి నోరు మెదపకపోవడం కిందికి వస్తుంది. ఆ మౌనానికి వడ్డీ కట్టేది ఇంకొకరు.

స్వయంగా గోడలు బాగుచేసుకుంటే మన చేతులకి, మన వస్తువులకి మధ్య ఏదో తిరిగి అతుక్కుంటుందని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. నిజమే. మన చేతికి ఇచ్చుకున్నంత విలువ పక్కవాడి చేతికి ఇవ్వకపోతే మాత్రం అది సెలవురోజు కాలక్షేపంగానే మిగులుతుంది. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్నతో నేను వాదించింది ఇదే. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఉగాదికి మళ్ళీ వెళ్తాను.