బడి మూసిన 49 రోజులు

2025లో తెలంగాణ బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో ముగిశాయి. మొత్తం 49 రోజులు. కామారెడ్డి జిల్లా పిట్లం మండలంలో ఆ రోజులు అన్ని ఇళ్లలో ఒకేలా గడవవు. హైదరాబాదులో మేనమామ ఉన్న పిల్ల అక్కడికి పోయి ఈతో, కంప్యూటరో, బొమ్మలు గీయడమో నేర్చుకుని వస్తుంది. అమ్మానాన్నలిద్దరూ పొద్దు పొడవకముందే ఉపాధి హామీ పనికి పోయే ఇంట్లో పదేళ్ల ఆడపిల్ల చెల్లెను ఎత్తుకుని, కుండలో నీళ్లు నింపి, మేకలను కనిపెట్టుకుని ఉంటుంది. అటు ఎల్లారెడ్డి, గాంధారి వైపు అడవి అంచు తండాల్లో అది తునికాకు కాలం. కట్టలు కట్టడానికి చిన్న చేతులు కూడా పనికొస్తాయి.

బడికి తాళం పడితే పాఠంతోపాటు మధ్యాహ్న భోజనమూ ఆగుతుంది. 2016 ఇందుకు మినహాయింపు. మంజీర ఎండి, సింగూరు, నిజాంసాగర్ అడుగంటిన కరువు అది. కరువు రాష్ట్రాల్లో సెలవుల్లోనూ పిల్లలకు భోజనం పెట్టాలని ఆ మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలంగాణ బడుల వంటగదుల్లో ఎండాకాలంలో పొయ్యి వెలిగింది. అనుకుంటే మే నెలలోనూ బడి తెరవవచ్చని ఆ ఏడాది తేలిపోయింది. కరువు పోయాక ఆ ఏర్పాటూ పోయింది.

సెలవుల్లో పిల్లల చదువు ఏమవుతుందన్న ప్రశ్నను అమెరికాలో చాలాకాలం వెంటాడిన పరిశోధన ఒకటుంది. బాల్టిమోర్ నగరంలో 1982లో ఒకటో తరగతిలో చేరిన దాదాపు 800 మంది పిల్లలను జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్విజిల్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. బడి నడిచే నెలల్లో పేదింటి పిల్లలు, కలిగినవాళ్ల పిల్లలు ఇంచుమించు ఒకే వేగంతో నేర్చుకున్నారు. తేడా ఎండాకాలాల్లో పెరిగింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వాళ్ల మధ్య కనిపించిన అంతరంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక తరగతుల నాటి వేసవుల్లో పోగుపడిందేనని 2007లో వాళ్లు ప్రకటించారు. పరీక్షల్లో చదువును కొలిచిన తీరు మారిస్తే ఈ లెక్క ఇంత గట్టిగా నిలవదని పాల్ వాన్ హిప్పెల్ వంటి పరిశోధకులు తర్వాత వాదించారు. ఆ వాదన వినదగ్గదే. అయితే వేసవిలో ఒక పిల్లకు దొరికేది, మరో పిల్లకు దొరకనిది ఏమిటో చూడటానికి పరిశోధన అక్కర్లేదు, పిట్లంలో ఒక వీధి చాలు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఫిబ్రవరి వచ్చేసరికే ఫ్రీమాంట్‌లోనో, ఫ్రిస్కోలోనో ఉన్న ఇళ్లలో సమ్మర్ క్యాంపుల లెక్క మొదలవుతుంది. ఏ వారం రోబోటిక్స్, ఏ వారం ఈత, ఏ వారం సంగీతం, ఎంత ఫీజు. డబ్బున్నవాళ్లు కొనుక్కుంటున్న ఈ అవకాశం లేనివాళ్లకూ అందాలని అక్కడి ప్రభుత్వాలూ ఆలోచించాయి. కాలిఫోర్నియా 2021లో తెచ్చిన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు బడి ఉన్న రోజున బడితో కలిపి 9 గంటలు, బడి లేని రోజుల్లో కనీసం 30 రోజులు, రోజుకు 9 గంటల చొప్పున నేర్చుకునే చోటు చూపించాలి. ఖర్చు రాష్ట్రానిది. నడపడం బడి యాజమాన్యం బాధ్యత. స్థానిక సంఘాలు చెయ్యి కలుపుతాయి. తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది దీన్ని తమ పిల్లల బడుల్లో దగ్గరగా చూస్తూనే ఉన్నారు.

అంతకు చాలా ముందే సొంతంగా ఒక పనీ మొదలుపెట్టారు. 2007లో సిలికానాంధ్ర సంస్థ ప్రవాస పిల్లలకు తెలుగు నేర్పే మనబడిని మొదలుపెట్టినప్పుడు దాని వెనక ఉన్న ఆలోచన ఇదే: బడి చెప్పనిది సమాజం చెప్పుకోవాలి. ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం, ప్రమోదం, ప్రభాసం అంటూ మెట్టు మెట్టుగా పాఠ్యప్రణాళిక తయారైంది. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టి ధ్రువపత్రాలిచ్చింది. వారాంతాల్లో పాఠాలు చెప్పేవాళ్లు జీతగాళ్లు కారు. వారమంతా ఆఫీసులో పనిచేసి, సెలవు పూట పక్కింటి పిల్లకు, పరిచయం లేని ఇంటి పిల్లకు గుణింతాలు దిద్దించే అమ్మలు, నాన్నలు. గుడి హాల్లో, అద్దెకు తీసుకున్న బడి గదుల్లో పుట్టిన ఈ తరగతులు నగరం నుంచి నగరానికి పాకాయి.

ప్రవాస తెలుగు సంఘాల సంచికల్లో విలువలనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. పెద్దలకు నమస్కరించడం, పండగలు మరవకపోవడం, తెలుగులో మాట్లాడటం. అవన్నీ కావలసినవే. కానీ విదేశంలో తెలుగువాళ్లు నిజంగా పెంచుకున్న విలువ ఒకటి ఆ వారాంతపు తరగతి గదిలో ఉంది. తమ కడుపున పుట్టని బిడ్డ చదువుకు తమ గంటలను ఇవ్వడం. ఊళ్లో ఒకప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిన పంతులు చేసిందీ అదే. ఈ విలువ తిరిగి ఊరికి ఎందుకు చేరడం లేదన్నది అడగవలసిన ప్రశ్న.

చేరుతున్నది డబ్బు. అదీ తక్కువేం కాదు. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు - మన బడి’ 26,065 ప్రభుత్వ బడులను మూడు విడతల్లో బాగుచేయడానికి 7,289 కోట్ల రూపాయల అంచనాతో వచ్చింది. పూర్వ విద్యార్థులు, ప్రవాసులు విరాళాలివ్వడానికి అందులో ప్రత్యేకంగా దారి ఉంచారు. 2024లో వచ్చిన ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీల ద్వారా మహిళా సంఘాల చేతికి బడి మరమ్మతులు అప్పగించారు. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లు, బెంచీలు, ప్రహరీ. ఇవి లేని బడిలో చదువు సాగదు. ఐతే ఏప్రిల్ 23 సాయంత్రం తాళం పడ్డాక ఆ కొత్త బెంచీల మీద 49 రోజులు దుమ్మే కూర్చుంటుంది.

ఆ రోజుల్ని వాడుకుంటే ఏమవుతుందో చూపించిన పేరు ఈ జిల్లాకు కొత్తది కాదు. మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల. వ్యవసాయ కూలీల బిడ్డ. చదువుకున్నది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ తాడ్వాయి ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఉంది. 2014 మే 25న ఆమె ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. తోడు ఖమ్మం జిల్లాకు చెందిన మరో గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్.

తేదీ చూడండి. మే 25. మిగతా పిల్లలకు నడి వేసవి సెలవులు.

ఆ శిఖరం ఒక్క వేసవిలో దొరకలేదు. అప్పటి గురుకుల సొసైటీ కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ బడి అంటే తరగతి గది, పాఠ్యపుస్తకం మాత్రమే అనుకోలేదు. పర్వతారోహణ నేర్పే శేఖర్ బాబు బాచినేపల్లి చేతికి పిల్లలను అప్పగించారు. మొదట భువనగిరి గుట్ట. అక్కడ భయం పోగొట్టుకున్నవాళ్లలో కొందరు డార్జిలింగ్ శిక్షణ సంస్థకు, ఆపైన లడఖ్ చలికి వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు. నేపాల్ వైపు వయసు నిబంధన అడ్డొస్తే టిబెట్ వైపు నుంచి ఎక్కారు. యాత్రకు 52 రోజులు పట్టింది. ఇంచుమించు ఒక ఎండాకాలం. తర్వాత పూర్ణ అక్కడితో ఆగకుండా కిలిమంజారో, ఎల్‌బ్రస్, అకంకాగువా దాటుకుంటూ 2022 జూన్‌లో దెనాలితో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ పూర్తిచేసింది. ఆమె కథను నటుడు రాహుల్ బోస్ 2017లో హిందీ సినిమాగా తీశాడు.

పూర్ణ లాంటివాళ్లు కోటికొకరు అని పక్కన పెట్టడం తేలిక. అలా పెట్టకూడదు. ఎందుకంటే ఆ గురుకులాల్లో ‘సమ్మర్ సమురాయ్’ పేరుతో నడిచిన వేసవి శిబిరాలు కొండలెక్కేవాళ్ల కోసమే పెట్టినవి కావు. ఈత, గుర్రపు స్వారీ, నాటకం, కోడింగ్, ఇంగ్లిష్ సంభాషణ, ఇలా డబ్బున్న ఇంటి పిల్లకు సహజంగా అందేవన్నీ కూలీ ఇంటి పిల్లకూ అందించారు. ఏ పిల్లలో ఏముందో తెలియాలంటే ముందు ఆ పిల్లకు అది తగలాలి కదా. పాకాలలో ఉండిపోతే పూర్ణకు తాడు పట్టుకుని బండ ఎక్కే సందర్భమే వచ్చేది కాదు.

ఇక గురుకులంలో సీటు రాని పిల్లల మాట. 161వ నంబరు జాతీయ రహదారి మీద పిట్లం ఒక మజిలీ. సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా వచ్చే ఆ దారి మద్నూర్ దాటి నాందేడ్ వైపు పోతుంది. బిచ్కుంద, మద్నూర్ వైపు సాగేకొద్దీ ఇళ్లలో తెలుగు పక్కన మరాఠీ, కన్నడం వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ. బడిలో పుస్తకం తెలుగులో, ఈ మధ్య ఇంగ్లిష్‌లో. దక్షిణాన ఆనుకుని ఉన్న కల్హేర్, నారాయణఖేడ్ తండాల నుంచి దీపావళి దాటాక కుటుంబాలు చెరుకు నరకడానికి జహీరాబాద్‌కు, కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీలకు వలస పోతాయి. పిల్లలు చదువు మానకుండా సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెట్టి, ఊళ్లోనే ఉంచి అన్నం పెట్టి చదివించే ఏర్పాటు ఉంది. అమ్మానాన్నలతో వెళ్లిపోయిన పిల్లలు మాత్రం సగం ఏడాది పోగొట్టుకుని తిరిగొస్తారు. వాళ్లకు వేసవి ఒక్కటే మిగిలిన సమయం.

అలాంటి పిల్లలకు ఏం చేయాలో తెలుగు నేల మీద ఒక సంస్థ ముందే చేసి చూపించింది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టిలో ఉన్న, పశువుల వెంట తిరుగుతున్న పిల్లలను శిబిరాలకు తెచ్చింది. కొన్ని నెలలు అక్కడే ఉంచి, ఆటపాటలతో చదువు పట్టించి, వయసుకు తగిన తరగతిలో చేర్చింది. పన్నెండేళ్ల పిల్లవాణ్ని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతాడని ఆ కార్యకర్తలకు తెలుసు. ఊరి యువకులే చదువు చెప్పారు. యజమానులతోనూ, అనుమానపడే తల్లిదండ్రులతోనూ మాట్లాడారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చింది. బ్రిడ్జి కోర్సుల పద్ధతిని ప్రభుత్వమూ తీసుకుంది. పిట్లం లాంటి చోట వేసవి శిబిరం పెట్టాలనుకునేవాళ్లు మొదట చదవవలసిన అనుభవం ఇది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో పరదేశం అంటే ముందు గుర్తొచ్చేది అమెరికా కాదు. దుబాయి, మస్కట్, రియాద్, కువైట్. లేబర్ క్యాంపుల్లో బంకు మంచాల మీద బతికే తండ్రులు పిల్లలను వెంట తీసుకుపోలేరు. తల్లి మీద, నానమ్మ మీద ఇల్లు నడుస్తుంది. పంపిన డబ్బుతో కొందరు పిల్లలను ప్రైవేటు బడిలో వేస్తారు. అప్పు తీరని ఇంట్లో అదీ ఉండదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయంతోపాటు గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని నిర్ణయించింది. అవసరమైన అడుగే. సీటు రాని పిల్ల ఊరి బడిలోనే ఉంటుంది, ఆమె సెలవులూ ఊళ్లోనే.

కాబట్టి ప్రవాస సంఘాలు ఒక బడికి ఒక వేసవిని ఇవ్వాలి. ఇందులో కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. మే నెల ఎండ నడినెత్తికి రాకముందే, పొద్దున ఏడింటి నుంచి పదిన్నర వరకు రెండు తరగతి గదులు తెరవాలి. ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు గౌరవ వేతనం ఇవ్వాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కలకే కూలి ఇచ్చి ఒక పూట అన్నం పెట్టించాలి. అన్నం ఉంటే చెల్లెను ఎత్తుకున్న పిల్ల కూడా వస్తుంది, చెల్లెతో సహా. 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ ప్రాథమిక తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే క్రమాన్ని ఇచ్చింది. దాన్నే సెలవుల్లో కొనసాగించవచ్చు. దానికి తోడు కథల పుస్తకాలు, చదరంగం, బొమ్మలు, ఒక రోజు నిజాంసాగర్ కట్ట మీద నీళ్ల లెక్కల పాఠం. 1931కల్లా పూర్తయిన ఆ ఆనకట్ట జిల్లాలో అందరూ చూసిందే. అది ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పినవాళ్లు ఎందరు?

గంటలు కూడా కలుస్తాయి. పిట్లంలో ఉదయం ఎనిమిదిన్నర అయితే, వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ముందు రోజు రాత్రి ఎనిమిది, డల్లాస్‌లో పది. ఇంట్లో భోజనాలయ్యాక మనబడి టీచరు గంటసేపు పిట్లం పిల్లలకు కథ చదివి వినిపించవచ్చు. అక్కడ తెలుగు నేర్చుకుంటున్న పిల్ల ఇక్కడి పిల్లతో మాట్లాడవచ్చు. ఒకరికి తెలుగు వస్తుంది, మరొకరికి ఇంగ్లిష్ భయం పోతుంది. రియాద్‌లో, కువైట్‌లో శుక్రవారం సెలవు దొరికే తండ్రి ఫోన్‌లో బిడ్డ చదివే ఒక్క పేజీ వినవచ్చు. చదువుకోని తండ్రి అయినా సరే, బిడ్డ తడుముకుంటోందో లేదో వినగలడు.

ఒక్క జాగ్రత్త. జూన్‌లో ఫొటోలు దిగి మరుసటి ఏడాది మాయమయ్యే శిబిరం పిల్లలను నిరాశపరుస్తుంది. కనీసం మూడు వేసవుల ఖర్చు ముందే పక్కన పెట్టగలిగిన సంఘమే దీనికి పూనుకోవాలి. ప్రధానోపాధ్యాయుడి సమ్మతి, మండల విద్యాధికారి అనుమతి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లుల మాట లేకుండా మొదలుపెట్టకూడదు. పని క్రమం ఇలా ఉంటే మేలు: సంక్రాంతికి ఊరికి వచ్చిన ప్రవాసులు బడికి వెళ్లి మాట్లాడాలి, ఫిబ్రవరిలో సంఘం బడ్జెట్‌లో ఖర్చు రాసుకోవాలి, మార్చిలో చదువు చెప్పే అమ్మాయిలను ఎంపిక చేయాలి, ఏప్రిల్ మూడో వారానికి పుస్తకాలు బడికి చేరాలి. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆఖరి పనిదినానికి ముందే తేల్చుకోవాలి.