చెవితో చదువుట చదువు కాదా?

మన భాషయందు పండితునకు ‘బహుశ్రుతుడు’ అను పేరొకటి గలదు. పెక్కు విషయములను వినినవాడని దాని యర్థము. వేదమునకు ‘శ్రుతి’ యని పేరు. అరుగుమీద నొకరు భాగవతము చదువుచుండ, వాడకట్టంతయు విని గ్రహించిన కాలము మనకు మిక్కిలి దూరమైనది కాదు. అట్టి జాతియందే నేడు పుస్తకమును చెవితో గ్రహించు బాలుని జూచి, ‘వీడు చదువుట లేదు, మోసము చేయుచున్నాడు’ అను మాట వినబడుచున్నది. ఇందలి న్యాయాన్యాయములను విచారింపవలసియున్నది.

బసంత్‌నగర్‌లో నొక యింటిని ఊహింతము. తండ్రి గోదావరిఖని బొగ్గుబాయిలో పనివాడు. పదేండ్ల కుమారుడు నోటిలెక్కలలో చురుకైనవాడు. బాపమ్మ చెప్పిన కథను మాట పోకుండ తిరిగి చెప్పగలడు. పుస్తకము చేత బట్టినంతనే వాని ముఖము వాడును. ‘ప’ను ‘ష’ యనును; ఒత్తులను విడిచిపెట్టును; వాక్యము చివరకు వచ్చునప్పటికి మొదలు మరచును. బడిలో వానికి మొద్దు అని పేరు. రాత్రి షిఫ్టునకు బయలుదేరుచు తండ్రి, “ఎవరి కోసం దిగుతున్నరా బాయిలకు? నీకు చదువుకోను ఒళ్లు వంగదా?” యని చేయి చేసికొనును. తండ్రి దుర్మార్గుడు కాడు. తన కష్టము కుమారునకు తప్పవలెనని యాతని కోరిక. కాని లేని సోమరితనమునకు వేసిన శిక్ష, ఉన్న తెలివిని గూడ చంపుచున్నది.

ఈ లోపమునకు డిస్లెక్సియా యని పేరు. ఇది కంటిజబ్బు కాదు, బుద్ధిమాంద్యమును గాదు. ముఖ్యముగా అక్షరమును దాని ధ్వనితో జతపరచుటలో మెదడునకు గలుగు కష్టము. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు 14 ఏండ్ల బాలునిగూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. ఏండ్లతరబడి నేర్పినను వానికి చదువుట యబ్బలేదు. బోధన యంతయు నోటిమాటగా జరిగినచో బడిలో వానిని మించువాడుండడని యుపాధ్యాయుడే చెప్పెనట. మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టములో దీనికి చోటు లేదు. 2016 నాటి హక్కుల చట్టమే దీనిని గుర్తించినది.

ఆ ఉపాధ్యాయుడు కోరిన నోటిబోధన నేడు మన చేతి ఫోనులో నున్నది. తెరమీది వ్రాతను ధ్వనులుగా మార్చి పలుకు సాధనము తెలుగునకును గలదు. కొన్నింటిలో పలుకుచున్న మాట తెరపై వేఱు రంగున మెఱయును, వేగమును తగ్గించుకొనవచ్చును. కన్ను, చెవి ఒకేమాటపై నిలుచుటచే బాలునకు దారి తప్పదు.

‘ఇట్లైన వాడు అక్షరము నేర్చునా? తక్కిన పిల్లలకు అన్యాయము గాదా?’ యని కొందఱందురు. ఈ ప్రశ్నలు త్రోసివేయదగినవి కావు. మొదటిదానికి జవాబిది: యంత్రము గురువునకు మాఱు గాదు. ధ్వనిని, అక్షరమును విడదీసి, కలిపి, ఓపికతో నేర్పు గంట ప్రతిదినము జరుగవలసినదే. యంత్రము నిచ్చి ఆ గంటను మానివేసినచో అది దయ గాదు, వదలించుకొనుట. కాని అక్షరము స్వాధీనమగువఱకు చరిత్రము, విజ్ఞానము, కథలు వాకిట నిలిచియుండవలెనా? అట్లు నిలిపినచో ఒక లోపము పది లోపములగును.

రెండవదానికి, ఏమి పరీక్షించుచున్నామని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. చదువు నైపుణ్యమును పరీక్షించునపుడు యంత్రము పలుకరాదు; అది మోసమే. వర్షము ఎట్లు కురియునని యడుగునపుడు ప్రశ్నను చెవితో వినిన నష్టమేమి? బాయిలో దిగువానికి దీపాల గదిలో తలదీపము నిత్తుము. దీపము బొగ్గు త్రవ్వదు, త్రవ్వువాడు వాడే. దీపమున్నదని వాని కూలిలో కోత పెట్టము.

ఇక మన దోషమొకటి గలదు. తెలుగు లిపి 1991లోనే యూనికోడునందు చేరినను, మన ముద్రణాలయములు చిరకాలము వేఱు ఫాంట్లలో పుస్తకములు కూర్చినవి. ఆ వ్రాత మనకు తెలుగుగా కనబడును. యంత్రమునకు అర్థములేని గుర్తులు. 2012లో కాపీరైటు చట్టమునకు జరిగిన సవరణ, లోపముగలవారికి పనికివచ్చు రూపమున గ్రంథమును లాభాపేక్ష లేక మార్చుటకు అనుమతించినది. చట్టము తలుపు తెఱచియుండ, మన పుస్తకములే మూగవై యున్నవి. ప్రకాశకులు పాఠ్యమును యూనికోడులో నిచ్చుట దానము గాదు, బాధ్యత.

సోదరీసోదరులారా! మీ యింట నట్టి బిడ్డ యున్నచో, ముందుగా మొద్దు అను మాటను మానుడు. నిపుణులకు జూపుడు. సాయంకాలము ఫోను మధ్యనుంచి యొక కథను ఇంటిల్లిపాదియు వినుడు. చివర ఆ బిడ్డనే ప్రశ్నలడుగనిండు. చాటుగా వినవలసినదని వానికి తోచినచో, అది సిగ్గువలె మిగులును. నలుగురితో వినినచో, మన తాతలు అరుగుపై వినినట్లే, అదియు చదువగును.