కోరికలో ఎదుటివాడి వాటా

తన కోసం కోరుకోవడమూ ఇంకొకరి నుంచి కోరుకోవడమూ ఒకటేనా? స్పానిష్ వాళ్లు దీనికి రోజూ మాట్లాడే వాక్యంలోనే జవాబు చెబుతారు. డాక్టర్ కావాలనుకునే కుర్రాడు ‘కియెరో సెర్ మెదికో’ అంటాడు. కోరేదీ అయ్యేదీ అతనే కాబట్టి ‘సెర్’ అనే మూలరూపం చాలు. అదే కోరిక తండ్రిదైతే ‘కియెరో కె మి ఇహో సెయా మెదికో’ అనాలి. కర్త మారింది, క్రియ ‘సెయా’ అయింది. ‘మావాడు డాక్టరు’ అని ఉన్న సంగతి చెప్పే ‘ఎస్’ ఇక్కడ చెల్లదు. మన తెలుగులో ‘నేను డాక్టర్ కావాలి’, ‘వాడు డాక్టర్ కావాలి’ రెండూ ఒకే అచ్చు. పైగా ఆ ‘కావాలి’లో కోరిక ఎక్కడ ఆగి ఆజ్ఞ ఎక్కడ మొదలైందో ఇంట్లో పిల్లలకే తెలియాలి!

‘సెయా’ లాంటి ఈ క్రియారూపం అనిశ్చితికి గుర్తు మాత్రమే అనుకుంటే పొరపాటు. ‘వస్తాడని నమ్ముతున్నాను’ అనేటప్పుడు, ఆ నమ్మకం రేపు వమ్మయ్యేదైనా సరే, స్పానిష్‌లో మామూలు క్రియే వస్తుంది. నమ్మకం లోకం ఇలా ఉందని వాదిస్తుంది, తప్పైతే దిద్దుకోవాలి. కోరిక అలా వాదించదు. అందుకే ఎదుటివాడి పనిని కోరేటప్పుడు దాన్ని జరిగినదానిలా చెప్పే హక్కు మనకు లేదు. వ్యాకరణం పాటిస్తున్నది ఈ న్యాయాన్నే అని నా వాదన. ‘ఒహలా’ అనే మాట ఇంకో అడుగు ముందుకేస్తుంది. ‘దేవుడు తలిస్తే’ అనే అర్థమున్న అరబ్బీ పలుకుబడి నుంచి వచ్చిన ఈ మాటను ఇప్పుడు నాస్తికులూ వాడతారు. ‘ఒహలా అప్రుయెబె’, అంటే నేను పరీక్ష పాసైతే బాగుండు అన్నప్పుడు కర్త తానే అయినా క్రియ ఆ ‘సెయా’ తరహా రూపంలోకే వెళుతుంది. ఫలితం తన చేతిలో లేదని ఒప్పుకోవడమే ఇది. స్పెయిన్‌లోని కోర్దొబాలో పుట్టిన తత్వవేత్త సెనెకా కూడా, జ్ఞాని ఏ పని తలపెట్టినా అడ్డేమీ రాకపోతే అనే షరతుతోనే తలపెడతాడని లాటిన్‌లో బోధించాడు.

‘వద్దు, రావద్దు’ అని శాసించడానికీ ఇదే క్రియారూపం వాడతారుగా, ఇందులో వినయం ఎక్కడుందని అడగవచ్చు. వినయం ఉందని నేననడం లేదు. ఆజ్ఞ కూడా ఇంకా జరగని పని మీదే, ఇంకొకరు చేయాల్సిన పని మీదే నడుస్తుంది. అంతవరకు అదీ ఎదుటివాడి వాటాను ఒప్పుకున్నట్టే. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ చరిత్రది. ఈ భాష మాట్లాడినవారే అమెరికా ఖండాల్లో చాలా భాగాన్ని ఆక్రమించారు. 1513 నాటి ‘రెకెరిమియెంతో’ పత్రం చర్చికీ రాజుకూ లొంగమని స్థానికులను కోరుతుంది, కాదంటే యుద్ధమంటుంది. దాన్ని వాళ్లకు అర్థంకాని స్పానిష్‌లోనే చదివేవారు. వ్యాకరణం ఎవరినీ మంచివాళ్లను చేయదు, నిజమే. కానీ అంగీకారం అడిగే తంతు అవసరమైందంటే, అది ఎదుటివారు ఇవ్వాల్సినదని రాసినవారికి తెలుసు. తెలిసే దాన్ని నాటకంగా మార్చారు. డొమినికన్ సన్యాసి బార్తొలొమె దె లాస్ కాసాస్ ఆ పత్రాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియదని రాశాడు.